పార్కులో బాబుకి గ్లూటెన్ లేని తిండి ఎక్కడ దొరుకుతుంది? సోమవారమే ప్రయాణం

చిన్నూ వాళ్ళమ్మ (గురువారం రాత్రి 12:50)
ఎనిమిదింటికి పిల్లల్ని పడుకోబెట్టి ఫోను పట్టుకున్నాను. ఒంటిగంట కావస్తోంది, ఒక్క ముక్క తేలలేదు. ఒకరేమో పార్కులో అన్నీ దొరుకుతాయంటారు, ఇంకొకరు పచ్చి ఆకులు తప్ప ఏమీ ఉండవంటారు. మెనూలు తెరిస్తే బర్గర్లు, పిజ్జాలు, పాస్తాలు. మా బాబుకి ఏడేళ్ళు, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడదు. నాలుగు రోజులు పొద్దున్నుంచి రాత్రి దాకా పార్కులోనే ఉంటాం. వాడికి మూడు పూటలా ఏం పెట్టాలో, వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా చెప్పండి, పుణ్యముంటుంది. కళ్ళు మండుతున్నాయి.

బెజవాడ బస్సు
ఏ పార్కు?

మెట్టపంట
అమ్మా, అసలు గోధుమ మన పంటే కాదు. మా సీమలో తాతల నాడు కొర్రన్నం, సజ్జ రొట్టె, రాగి సంగటి. ఎవరికీ ఈ గ్లూటెన్ గొడవ తెలియదు. ఇప్పుడు ఊరూరా మైదా పరోటా, అందరికీ కడుపులో మంట. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అప్పుడైనా మనవాళ్ళకి బుద్ధి రాలేదు. మీ బాబుకే కాదు, ఇంటిల్లిపాదికీ గోధుమ మాన్పించండి. పార్కు తిండి మాట తర్వాత.

బెజవాడ బస్సు
ఏ పార్కు అని అడిగాను. వండర్‌లానా, రామోజీ ఫిల్మ్ సిటీనా, సింగపూరా?

చిన్నూ వాళ్ళమ్మ
ఓర్లాండో అండీ, డిస్నీ వరల్డ్. రాశాననే అనుకున్నాను. మేం టెక్సాస్ నుంచి వెళ్తున్నాం. మేజిక్ కింగ్‌డమ్ రెండు రోజులు, ఎప్కాట్ ఒకరోజు, యానిమల్ కింగ్‌డమ్ ఒకరోజు.

ల్యాబ్‌కోటు
పడదు అంటే ఏమిటి? సీలియాకా (గ్లూటెన్ తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే పేగుని దెబ్బతీసే జబ్బు), గోధుమ అలర్జీనా, తింటే ఉబ్బరంగా ఉంటోందని మానేశారా? మూడింటికీ జవాబు వేరు.

చిన్నూ వాళ్ళమ్మ
సీలియాక్. రెండేళ్ళ కిందట రక్తపరీక్షలో, తర్వాత ఎండోస్కోపీలో తేలింది. పోయిన వేసవిలో వేరే ఊళ్ళో ఒక పార్కుకి వెళ్ళాం. ఫ్రైస్‌లో గోధుమ ఉందా అని కౌంటర్లో అబ్బాయిని అడిగాను. బంగాళాదుంప, ఉప్పు, నూనె అంతే అన్నాడు. అబద్ధం చెప్పలేదు. కానీ అదే నూనెలో పిండి పూసిన చికెన్ ముక్కలు దించడం ఆ తర్వాత చూశాను. అప్పటికే వీడు పొట్లం ఖాళీ చేశాడు. రెండు గంటలు తిరక్కుండానే వాంతులు. బాత్రూముల పక్కన బెంచీ మీద నా ఒళ్ళో ముడుచుకుని పడుకుని, "అమ్మా, నేనేమైనా తప్పు తిన్నానా?" అని అడిగాడు. ఈసారి ఆ మాట వాడి నోట రాకూడదు. దానికి తోడు పోయిన నెల రక్తపరీక్షలో సీలియాక్ యాంటీబాడీల అంకె తగ్గాల్సినంత తగ్గలేదని డాక్టరు అన్నారు. ఇంట్లో గోధుమ గింజ కూడా లేదు. ఎక్కడినుంచి వస్తోందో తెలియడం లేదు.

టాంపా పిన్ని
అమ్మాయ్, ముందు నువ్వు కాస్త పడుకో. మా అమ్మాయికి పదకొండేళ్ళు, సీలియాకే. మేముండేది టాంపాలో, ఏడాదికి రెండు మూడుసార్లు అక్కడికి వెళ్తాం. పిల్లాడికి తిండి దొరుకుతుంది.

అక్కడ మెనూలో "గ్లూటెన్ ఫ్రీ" కోసం వెతక్కు. "అలర్జీ ఫ్రెండ్లీ" అని ఉంటుంది, దాని కింద గ్లూటెన్, గోధుమ పేరుతో పదార్థాలు వేరుగా ఇస్తారు. పూర్తి పూచీ వాళ్ళూ ఇవ్వరు, కానీ అడిగితే విసుక్కోరు. కూర్చుని తినే చోట టేబుల్ బుక్ చేసేటప్పుడే అలర్జీ ఉందని పెట్టు, కూర్చున్నాక నోటితో మళ్ళీ చెప్పు. చెఫ్ గానీ, ఆ పని తెలిసిన మనిషి గానీ వచ్చి మాట్లాడతారు. బుకింగులు 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి పేరున్నవి నిండిపోయి ఉంటాయి. అయినా ఎవరో ఒకరు రద్దు చేస్తూనే ఉంటారు, యాప్‌లో పొద్దునా రాత్రీ చూస్తూ ఉండు.

కౌంటర్ దగ్గర తీసుకునే చోట్ల యాప్‌లోనే ఆర్డర్ పెట్టొచ్చు. ఒక్కో రెస్టారెంటుకీ అలర్జీ మెనూ విడిగా తెరుచుకుంటుంది. ఆకలేశాక వెతుక్కోకుండా పార్కులోకి అడుగుపెట్టకముందే చూసి పెట్టుకో.

ఇక ఫ్రైస్. ఇందులో గోధుమ ఉందా అని అడిగితే లేదనే చెప్తారు. "ఈ నూనెలో ఇంకేం వేయిస్తారు?" అని అడుగు. చాలా చోట్ల విడి నూనె ఉంటుంది, లేనిచోట వాళ్ళే వద్దంటారు. మా అత్తగారికి ఎంత చెప్పినా ఎక్కకపోతే ఒకరోజు ఇలా అన్నాను: మీకు మడి ఎలాగో, పిల్లకి తిండి అలాగండీ అని. అంతే, ఆ రోజు నుంచి ఆవిడే దానికి వేరే గరిటె, వేరే పెనం పెట్టారు.

నీలిగోరింట
మంచి సమాచారం పిన్నిగారూ. కానీ మడి అనే మాట వద్దండీ. ఆ మాట ఎంతమందిని గడప బయట నిలబెట్టిందో మా ఇంట్లో తెలుసు. పిల్లల జబ్బుకి అది తగిలించకండి.

టాంపా పిన్ని
ఎవరినీ నొప్పించాలని కాదమ్మా. మా అత్తగారికి తెలిసిన మాటతో చెప్పాను, పిల్లకి మేలు జరిగింది.

నీలిగోరింట
అర్థమైంది. కల్తీ అంటే సరిపోతుంది కదా అని.

ల్యాబ్‌కోటు
కల్తీ అంటే కావాలని కలిపేది. ఇది తెలియకుండా అంటుకునేది. రెండూ ఒకటి కాదు.

నీలిగోరింట
అయితే "అంటుకోవడం" అనండి. మడి మాత్రం వద్దు.

ఘాటు ఘుమఘుమ
మీరంతా పార్కు అంటున్నారు, ఇంట్లో ఇంగువ చూశారా? అసలు ఇంగువ చెట్టు వేరు నుంచి కారే పాలు. అఫ్గానిస్తాన్, ఇరాన్‌ల నుంచి మనకి వస్తుంది. మన దేశంలో 2020లో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదటిసారి మొక్కలు నాటారు. ఉత్తది వాడితే ఘాటు తట్టుకోలేం, అందుకని పిండీ జిగురూ కలిపి అమ్ముతారు. కొందరు బియ్యప్పిండి కలుపుతారు, చాలామంది గోధుమపిండి. చారులో చిటికెడే కదా అని ఎవరూ పట్టించుకోరు.

బెజవాడ బస్సు
ఆవిడ అడిగింది డిస్నీలో తిండి. ఇంగువ చరిత్ర కాదు.

చిన్నూ వాళ్ళమ్మ
పిన్నిగారూ, మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపించాను. కానీ ఒక్క సంగతి, మేం శాకాహారులం. గుడ్డు కూడా తినం. మా అత్తగారు కూడా వస్తున్నారు.

బెజవాడ బస్సు
ఇది మొదట్లోనే చెప్పాలి.

టాంపా పిన్ని
అవునమ్మా, దీంతో లెక్క మారిపోయింది. గ్లూటెన్ లేని బ్రెడ్లలో చాలావాటికి గుడ్డు వేస్తారు, అది లేకపోతే ముక్క నిలవదు. కాబట్టి రెండు మాటలూ ఒకేసారి చెప్పు: గ్లూటెన్ వద్దు, గుడ్డు వద్దు. పార్కుల బయట డిస్నీ స్ప్రింగ్స్ అనే బజారులో ఎరిన్ మెకెన్నాస్ బేకరీ ఉంది, అక్కడ ఏదీ గోధుమతో చెయ్యరు, గుడ్డూ పాలూ కూడా వాడరు. డోనట్ల అద్దం ముందు నిలబడి "ఇందులో నేను ఏదైనా తినొచ్చా?" అని మా అమ్మాయి మూడుసార్లు అడిగింది. మీవాణ్ణి తప్పకుండా తీసుకెళ్ళు. యానిమల్ కింగ్‌డమ్ రోజున, దాని పేరుతోనే ఉన్న లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్ ఉంది, మన వైపు రుచులు ఉంటాయి. బ్రెడ్, పచ్చళ్ళ పళ్ళెం వాళ్ళ ప్రత్యేకత, గ్లూటెన్ లేని బ్రెడ్ కావాలని ముందే చెప్పు. మేజిక్ కింగ్‌డమ్‌లో అనాసపండు డోల్ విప్ (ఐస్‌క్రీమ్ లాంటిది) దొరుకుతుంది, దానికి గోధుమా గుడ్డూ పాలూ ఏవీ లేవు. అత్తగారికీ పనికొస్తుంది.

మెట్టపంట
అదే చెప్తున్నాను, జొన్న రొట్టెలు చేసుకుని పట్టుకెళ్ళండి. వాళ్ళని దేబిరించడం ఎందుకు?

టాంపా పిన్ని
ఈ మాట మాత్రం నిజం. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు. గాజు సీసాలు వద్దు, వేడిచెయ్యాల్సినవి వద్దు. విడి ఐసు ముక్కలు ఒప్పుకోరు, గడ్డకట్టించిన ప్యాకెట్లు వేసుకోవాలి. కూలర్ పెట్టె 24 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు దాటకూడదు. మేం పెరుగన్నం, అటుకుల ఉప్మా పట్టుకెళ్తాం. విమానంలో చేతిసంచిలో అయితే పెరుగూ పచ్చడీ 100 మిల్లీలీటర్లు దాటనివ్వరు, కందిపొడికి ఇబ్బంది లేదు. మీ గదిలో మైక్రోవేవ్ ఉందా?

ల్యాబ్‌కోటు
లేబుళ్ళు చదివేటప్పుడు ఒకటి. అమెరికాలో ప్యాకెట్ మీద గోధుమ పేరు తప్పనిసరిగా రాయాలి. బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి గింజ) అలా రాయాలని చట్టం లేదు, వాటిలోనూ గ్లూటెన్ ఉంది. మాల్ట్ అని కనిపిస్తే బార్లీ అనుకుని పక్కన పెట్టండి. "గ్లూటెన్ ఫ్రీ" అని రాసి ఉంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. ఇండియాలోనూ అదే అంకె.

చిన్నూ వాళ్ళమ్మ
మాల్టా? వాడికి రోజూ రాగి మాల్ట్ ఇస్తున్నాను!!

మెట్టపంట
రాగి జావ అనండి. మంచి పేరుండగా ఈ మాల్ట్ ఎందుకు తగిలించారో.

ల్యాబ్‌కోటు
రాగి జావ అయితే భయం లేదు. పిండి ఎక్కడిది?

చిన్నూ వాళ్ళమ్మ
మా అమ్మ ఊళ్ళో మరపట్టించి పంపుతుంది.

ల్యాబ్‌కోటు
ఆ మరలో ముందు ఎవరు గోధుమలు పట్టించారో తెలియదు. గింజలు తెప్పించుకుని ఇంట్లో మిక్సీ పట్టుకోండి.

ఘాటు ఘుమఘుమ
ఇంగువ డబ్బా చూశారా అని అడిగాను, ఎవరూ జవాబివ్వలేదు.

చిన్నూ వాళ్ళమ్మ (శనివారం రాత్రి 10:15)
ఇప్పుడే చూశాను. మూత తీసి వెనక చీటీ దీపం కింద పెట్టి చదివితే చిన్న అక్షరాల్లో గోధుమపిండి అని ఉంది. రోజూ చారులో, పప్పులో వేస్తున్నదే. నిన్న ప్రయాణానికని చేసిన కందిపొడిలోనూ వేశాను. పారేశాను, మళ్ళీ చేస్తున్నాను. గదిలో మైక్రోవేవ్ ఉంది పిన్నీ. సనాలో మంగళవారం మధ్యాహ్నం టేబుల్ దొరికింది. అందరికీ థాంక్స్, సంచి ఇంకా సర్దలేదు.

టాంపా పిన్ని
వెళ్ళొచ్చాక బాబు ఏం తిన్నాడో రాయి.

గోదారి గట్టు
మేం మేలో టోక్యో డిస్నీకి వెళ్తున్నాం, పాపకి గోధుమ అలర్జీ. అక్కడా ఇలాగే చెఫ్ వచ్చి మాట్లాడతారా?