ఒప్పందం ఉండంగనే అందులో రెండు అనుబంధాలు (అనెక్స్‌లు) మాత్రం ముగించుడు ఎట్ల కుదిరింది?

మిర్యాలగూడ_మెయిన్స్:
సివిల్స్ మెయిన్స్ చదివే అన్నలు, అక్కలు కొంచెం చెప్పండి. 1994 ఇజ్రాయెల్–జోర్డాన్ శాంతి ఒప్పందంల, రెండు దేశాల సరిహద్దు మీదున్న బాఖూరా, ఘమ్ర్ భూముల అనుబంధాలను జోర్డాన్ 2019ల ముగించింది. మిగతా ఒప్పందం అట్లనే ఉన్నది. ఒక దేశం తనకు నచ్చినయి ఉంచుకొని నచ్చనియి తీసేయొచ్చా? "సంప్రదింపులు జరపాలె" అని కూడా రాసి ఉన్నదంటున్నరు. ఇజ్రాయెల్ ఒప్పుకోకపోతే ఆగేదా? మనోళ్ళు సింధు ఒప్పందాన్ని పక్కన పెట్టింది కూడా ఇదే లెక్కనా?

పాలమూరు_నోట్స్:
తమ్ముడూ, రాజకీయం తర్వాత, ముందు ఆ అనుబంధాల చివరి పేరా చదువు. 1(బి) బాఖూరాది, 1(సి) ఘమ్ర్‌ది. రెండింటికీ కాలం 25 ఏండ్లు. ఎవరూ ఏమీ అనకపోతే దానంతటదే మళ్ళీ అంతే కాలం పొడిగింపు. వద్దనుకుంటే ఏ పక్షమైనా ఏడాది ముందు నోటీసు ఇయ్యొచ్చు. నోటీసు ఇచ్చినంక ఎవరు అడిగినా సంప్రదింపులకు కూర్చోవాలె. అంటే తీసేసే దారి ఇద్దరూ సంతకం పెట్టిన కాగితంలనే ఉన్నది. జోర్డాన్ ఒప్పందాన్ని చింపలేదు, ఒప్పందం ప్రకారమే నడిచింది.

తేదీల కాడనే ఎక్కువ మంది తప్పుతరు. సంతకాలు 1994 అక్టోబర్ 26న, అమలు నవంబర్ 10 నుంచి. 25 ఏండ్లు లెక్కబెట్టాల్సింది అమలు నుంచి. కాబట్టి ముగింపు 2019 నవంబర్ 10, నోటీసుకు ఆఖరు దానికి ఏడాది ముందు. జోర్డాన్ రాజు రెండవ అబ్దుల్లా ముగింపు ప్రకటన 2018 అక్టోబర్ 21న వచ్చింది. సంతకం తేదీ పట్టుకొని ఎవరన్నా గొడవ పెట్టినా అది గడువు లోపలే పడుతది. ఒక్కరోజు దాటినా ఇంకో 25 ఏండ్లు కట్టుబడాల్సి వచ్చేది.

ఇగ సంప్రదింపులు. మాట్లాడాలె అని ఉన్నది గానీ, మాట కుదిరితేనే ముగుస్తదని లేదు. ఇజ్రాయెల్ పొడిగింపు మీద మాట్లాడదామన్నది, జోర్డాన్ అప్పగింత ఎట్లనో మాట్లాడదామన్నది. మాట కుదరకున్నా గడువు ఆగదు.

ఇంకోటి, పేపర్లల్ల "లీజు" అని రాస్తరు. మన దిక్కు కౌలు లెక్క ఊహించుకోకు, కౌలు పైసలేం లేవు. రెండు భూములు జోర్డాన్ సార్వభౌమాధికారంలనే ఉన్నయని 1994లనే రాసుకున్నరు. ఇజ్రాయెల్ వాళ్ళకు దొరికింది అక్కడికి వచ్చిపోయే స్వేచ్ఛ, సేద్యం చేసుకునే హక్కు, కస్టమ్స్ మినహాయింపు అసొంటివి.

సూర్యాపేట_లా:
పై జవాబుకు చట్టం వైపు నుంచి. దేశాల మధ్య ఒప్పందాలకు నియమాలు చెప్పే 1969 వియన్నా కన్వెన్షన్ 44వ ఆర్టికల్ రాయండి. మామూలు సూత్రం: ఒప్పందం నుంచి తప్పుకునే హక్కు మొత్తం ఒప్పందానికే వర్తిస్తది, ముక్కలకు కాదు, ఒప్పందమే వేరుగా చెప్తే తప్ప. జోర్డాన్ కేసు ఆ "తప్ప"లోకి వస్తది.

ఒప్పందం ఏమీ చెప్పకపోతే కొన్ని క్లాజులనే వేరు చేసుడు కష్టం. అవి మిగతా వాటితో ముడిపడకుండ అమలయ్యేటివై ఉండాలె, అవతలి పక్షం సంతకం పెట్టడానికి అవే ముఖ్య కారణం అయి ఉండకూడదు, అవి పోయినంక మిగిలింది అమలు చేయడం అన్యాయం కాకూడదు. మూడూ ఉంటేనే కుదురుతది. రెండోది కాడనే చాలా వాదనలు కూలుతయి.

పద్ధతి 65వ ఆర్టికల్‌లో ఉన్నది: రాతపూర్వక నోటీసు, అందుల ఏం చేయబోతున్నరు, ఎందుకు అన్నది. మామూలుగా మూడు నెలల కన్నా తక్కువ కాని గడువు. హంగరీ 1992 మే 19న నోటీసిచ్చి, ఆరు రోజుల్లనే చెకోస్లోవేకియాతో చేసుకున్న 1977 డాన్యూబ్ నది ఆనకట్టల ఒప్పందం రద్దయిందన్నది. పరిస్థితులు మారినయన్న వాదన కూడా తెచ్చింది. అంతర్జాతీయ న్యాయస్థానం 1997 సెప్టెంబర్‌ల ఆ రద్దు చెల్లదన్నది.

సాగర్_ఎడమకాల్వ:
సింధు దీనికి పూర్తిగా వేరు. 1960 ఒప్పందంల 25 ఏండ్ల గడువు లేదు, నోటీసిచ్చి తప్పుకునే క్లాజు లేదు. 12(4) ప్రకారం రెండు ప్రభుత్వాలు ఇంకో ఒప్పందం చేసుకొని ధ్రువీకరిస్తేనే ముగింపు, మార్పుకు 12(3) కూడా అట్లాంటిదే. మన దేశం 2023 జనవరిలో, 2024 ఆగస్టులో 12(3) కింద మార్పుకు నోటీసులు ఇచ్చింది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాతది రద్దు కాదు, నిలిపి ఉంచుడు. ఒక పక్షం అట్ల నిలిపే వీలు ఒప్పందంల లేదని ఆ జూన్‌ల మధ్యవర్తిత్వ న్యాయస్థానం అన్నది. ఆ కోర్టునే మన దేశం గుర్తించదు. భారత్ వియన్నా కన్వెన్షన్‌ల చేరలేదు కాబట్టి, ఆ నియమాలను ఆచారంగా వచ్చిన చట్టమని రాయండి.

ఇందుల కృష్ణా నీళ్ళ వివాదాన్ని కలిపితే మార్కులు పోతయి. అది రాష్ట్రాల మధ్యది, రాజ్యాంగం 262వ అధికరణం, 1956 అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టం కిందికి వస్తది.

మిర్యాలగూడ_మెయిన్స్:
థ్యాంక్స్ అన్నా. మరి గడువు నాటికి పొలంల పంట ఉంటే ఎట్ల? సొంత పట్టా ఉన్నోళ్ళ సంగతేంది?

పాలమూరు_నోట్స్:
రెండు చోట్ల రెండు తీర్లు. బాఖూరాల ఇజ్రాయెల్ వాళ్ళకు ప్రైవేటు భూమి ఉన్నది. 1(బి) ముగింపు పేరాల్నే "ప్రైవేటు యాజమాన్య హక్కులకు భంగం లేకుండా" అని ఉన్నది. కాబట్టి యాజమాన్యం పోలేదు, మునుపటి ప్రత్యేక సౌకర్యాలే పోయినయి. ఇప్పుడు జోర్డాన్ వీసా కావాలె, జోర్డాన్ చట్టమే నడుస్తది. ఘమ్ర్‌ల సొంత భూమి లేదు, వాడుక హక్కే. అక్కడ అప్పటికే వేసిన పంట కోసుకోనిచ్చిన్రు, 2020 ఏప్రిల్ దాకా.

నీళ్ళ సంగతి కూడా ఒక వాక్యం రాయి. ఘమ్ర్ ఉన్న అరబా లోయల జోర్డాన్ వైపు పడ్డ బోర్లను ఇజ్రాయెల్ వాడుకునే ఏర్పాటు 2వ అనుబంధం 4వ ఆర్టికల్‌లో ఉన్నది. 1(సి) ముగిసినంత మాత్రాన అది పోదు.