ఎల్పీ మీద ‘ఐదో సింఫనీ, న్యూ వరల్డ్’ అని ఉంది. అచ్చుతప్పా?

ప్రశ్న:
చెక్ స్వరకర్త డ్వోర్జాక్ పాత ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) ఒకటి దొరికింది. అట్ట మీద ఆయన న్యూ వరల్డ్ సింఫనీని ఐదోదని వేశారు. అది తొమ్మిదోది కదా? అలాగే తొమ్మిదీ కలిపి సెట్ కొనాలంటే ఆర్కెస్ట్రాని కెర్టెస్ నడిపించిందా, నాయ్‌మన్ నడిపించిందా?

జవాబు 1:
అచ్చుతప్పు కాదండీ, పాత లెక్క. ఆయన బతికుండగా అచ్చయినవి ఐదే, అచ్చయిన వరసలోనే నంబర్లు పడ్డాయి. ఇప్పటి 6, 7, 5, 8, 9 అప్పట్లో 1, 2, 3, 4, 5. ఓపస్‌నీ (రచనకిచ్చే వరస సంఖ్య) గుడ్డిగా నమ్మొద్దు. ఎఫ్ మేజర్ సింఫనీ 1875లోది. డ్వోర్జాక్ దానికి 24 వేసుకుంటే, ప్రచురణకర్త సిమ్‌రాక్ కొత్త సరుకులా కనబడాలని 76 చేశాడు. స్కేలు చూడండి: ‘ఈ మైనర్’ (E minor) అయితే న్యూ వరల్డ్, ఎఫ్ మేజర్ అయితే అసలు ఐదోది. డి మైనర్ దగ్గర మాత్రం జాగ్రత్త, 4, 7 రెండూ అదే స్కేలు. అక్కడ ఓపస్సే దిక్కు: 13 అయితే నాలుగోది, 70 అయితే ఏడోది.

జవాబు 2:
సెట్ సంగతి. కెర్టెస్‌ది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో డెక్కా రికార్డు కంపెనీకి 1963–66లో చేసింది. ఇత్తడి వాద్యాలు ముందుకొచ్చి కొడతాయి, 1–3 లాంటి సాగదీసిన తొలి సింఫనీలకి ఆ ఊపు కావాలి. నాయ్‌మన్‌వి ప్రాగ్‌లోని చెక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో రెండు సెట్లు, రెండూ సుప్రఫోన్ కంపెనీవే: 1970ల మొదట్లో ఒకటి, 1980లలో డిజిటల్‌ది ఇంకోటి. అట్ట వెనక రికార్డింగ్ సంవత్సరం చూడకుండా డబ్బు కట్టొద్దు. వుడ్‌విండ్స్ (ఫ్లూట్, క్లారినెట్ లాంటి ఊదే వాద్యాలు) కోసమైతే నా ఓటు ప్రాగ్‌కే, అంటే నాయ్‌మన్‌కే. తొమ్మిదో దాంట్లో మొదటి భాగం 12 నిమిషాల దగ్గరుంటే ఎక్స్‌పొజిషన్ రిపీట్ (ముఖ్య బాణీలు వచ్చే మొదటి విభాగాన్ని రెండోసారి వాయించడం) ఉన్నట్టు, 9 అయితే వదిలేసినట్టు. ఆరో దాంట్లో రిపీట్ లేకపోతే లోటనుకోకండి, డ్వోర్జాక్ తనే వద్దన్నాడు.

జవాబు 3:
ఆ ఎల్పీతోనే మీ ప్లేయర్ సూదిని (స్టైలస్) పరీక్షించుకోవచ్చు. మొత్తం సింఫనీలో తాళం (సింబల్ అనే లోహపు వాద్యం) మోగేది ఒక్కసారే: ఆఖరి భాగంలో, ఇంచుమించు 1:45 దగ్గర, క్లారినెట్ సోలోకి ముందు. గట్టిగా కాదు, ఓ మోస్తరుగా. ‘ఛ్‌మ్’ అని తేలి ఆరిపోవాలి. బుస్సుమని చెదిరితే ముందు స్టైలస్ దుమ్ము దులపండి, అప్పటికీ పోకపోతే అది అరిగిందేమో చూడండి. చివరి స్వరం ఊదుడు వాద్యాల్లో సన్నగిల్లుతూ పోతుంది. అది లేబుల్‌కి ఆనుకున్న గాడిలో పడుతుంది కాబట్టి అక్కడ కాస్త చిటపట మామూలే, డిస్క్ పాడైందని పారేయకండి.

ప్రశ్న వేసినవారు:
ఈ మైనరే. మొదటి భాగం 9:05. తాళం బుస్సుమంటోంది.

జవాబు 3:
అయితే రిపీట్ లేనిది. స్టైలస్‌ని బ్రష్‌తో వెనక నుంచి ముందుకే తుడవండి, అడ్డంగా తుడిస్తే క్యాంటిలీవర్ (సూదిని పట్టుకునే సన్న కడ్డీ) వంగుతుంది.