'కోర్ట్' (2014): కదలని కెమెరా నిజంగా ఖర్చు తగ్గిస్తుందా?

ట్రైపాడ్:
చైతన్య తమ్హాణే తీసిన మరాఠీ సినిమా 'కోర్ట్' ఈ ఫోరమ్‌లో చాలామంది చూసే ఉంటారు. ముంబైలో ఒక మ్యాన్‌హోల్ కార్మికుడు చనిపోతాడు. పాటతో అతన్ని ఆత్మహత్యకు పురిగొల్పాడంటూ నారాయణ్ కాంబ్లే అనే జానపద గాయకుడి మీద కేసు పెడతారు. ఎక్కువ భాగం కదలని వైడ్ షాట్లే (దూరం నుంచి గదంతా కనిపించేవి), చాలామంది నటన వృత్తి కానివాళ్లే. తక్కువ డబ్బుతో తీసేవాళ్లకు ఇంతకన్నా మంచి నమూనా లేదంటాను. ట్రాలీ, క్రేన్ అద్దె లేదు, స్టార్ రెమ్యునరేషన్ లేదు, లైటింగ్ ఒకసారి చేస్తే సీనంతా అదే. కాదనేవాళ్లు లెక్కతో రండి.

బూమ్‌రాడ్:
లెక్కతోనే వస్తున్నా. నాలుగు నిమిషాల కోర్టు సీను, ఒకటే షాట్, ఫ్రేములో ఎనిమిది మంది అనుకోండి. మూడో నిమిషంలో బంట్రోతు తడబడితే మళ్లీ మొదటికే. క్లోజప్ లేదు, రియాక్షన్ షాట్ లేదు, తప్పు దాచడానికి ఎడిటర్ చేతిలో ఏమీ లేదు. ఈ సినిమాలో షాట్‌కు పదుల కొద్దీ టేకులు పట్టాయని దర్శకుడే చెప్పాడు. మన సీనుకు 30 టేకులంటే రెండు గంటల ఫుటేజీ. ప్రోరెస్ 4444 అనే వీడియో ఫార్మాట్‌లో, హెచ్‌డీ సైజులో, నిమిషానికి దాదాపు 2 జీబీ, అంటే 240 జీబీ, బ్యాకప్‌తో 480. డిస్కులు చిన్న ఖర్చే. ఆ రోజు యూనిట్ కాల్షీటంతా ఒక్క షాట్‌కు పోయింది, అదీ అసలు ఖర్చు.

శబ్దం సంగతి ఎవరూ ఎత్తరు. వైడ్ ఫ్రేములో బూమ్ (పొడవాటి కర్రకు కట్టిన మైకు) దగ్గరికి రాదు. మాట్లాడే ప్రతి మనిషికీ బట్టలకు తగిలించే లేపెల్ మైకు కావాలి, బల్ల కింద ఒకటిరెండు దాచాలి, అన్నిటికీ విడి ట్రాకులుండాలి. గంజిపెట్టిన చీర మైకుకు రాసుకుంటే ఆ ట్రాకు పనికిరాదు. ఫ్యాన్లు ఆపాలి, ఆపితే పదో టేకుకు అందరికీ చెమటలు. మనకు అలవాటైన దారి డబ్బింగ్. కానీ మొదటిసారి నటించిన మనిషి డబ్బింగ్ థియేటర్లో తన పెదాలకు తానే మాట కలపలేడు. వేరే గొంతు పెట్టేట్టయితే అతన్నే వెతికి తెచ్చుకోవడం ఎందుకు?

పంపిణీ లెక్క:
మీరిద్దరూ షూటింగ్ దగ్గరే ఆగారు. నిర్మాత వివేక్ గోంబర్ (డిఫెన్స్ లాయరు వినయ్ వోరా పాత్ర ఆయనదే) స్క్రిప్టు రాసే కాలంలో దర్శకుడికి నెలనెలా డబ్బిచ్చాడు. రోటర్‌డామ్ చిత్రోత్సవం వారి హ్యూబర్ట్ బాల్స్ ఫండ్ సాయమూ అందింది. ఆ దన్ను లేకుండా ఈ నమూనా ఎవరికి అందుతుంది?

విడుదల చూడండి. 2014 వెనిస్ చిత్రోత్సవంలో ఒరిజ్జోంటి విభాగం ఉత్తమ చిత్రం, 2015 మార్చిలో జాతీయ ఉత్తమ చిత్రం, ఏప్రిల్ 17న థియేటర్లు. మల్టీప్లెక్సులు మరాఠీ సినిమాకు సాయంత్రం ఆట ఇవ్వాలని ఆ నెలలోనే మహారాష్ట్ర ప్రభుత్వం అంది. అభ్యంతరాలు రాగానే మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 లోపు ఎప్పుడైనా సరేనంది. పనిరోజు మధ్యాహ్నం ఆటకు ఎంతమంది వస్తారు? పైగా టికెట్ వసూళ్లలో నిర్మాత వాటా వారంవారం తగ్గుతుంది. 2009లో హిందీ నిర్మాతలు మల్టీప్లెక్సులతో కుదుర్చుకున్న ఒప్పందమే తీసుకోండి: మొదటి వారం 50 శాతం, తర్వాత 42.5, 37.5, 30. నోటిమాటతో నిదానంగా పుంజుకునే సినిమాకు జనం వచ్చేసరికి నిర్మాత వాటా కరిగిపోయి ఉంటుంది.

వైడ్‌షాట్:
డబ్బు తిరిగి రావాలంటే 2016 నాటి మరాఠీ సినిమా 'సైరాట్' చూడాలి. దాదాపు 4 కోట్ల బడ్జెట్, కొత్త జంట, సోలాపూర్ జిల్లా కరమాళా ప్రాంతం, రెండో సగం కథ మన హైదరాబాద్‌లో. అయినా అజయ్-అతుల్ సంగీతానికి వాద్యబృందాన్ని లాస్ ఏంజెలెస్‌లో రికార్డు చేశారు. అక్కడ పిసినారితనం చూపలేదు, వసూళ్లు 100 కోట్లు దాటాయి.

ట్రైపాడ్:
దాని వెనక జీ స్టూడియోస్ లాంటి పెద్ద సంస్థ ఉంది, ఆ పోలిక వద్దు. బూమ్‌రాడ్ గారూ, ఎనిమిది మందిని వదిలేయండి. ఇద్దరు మనుషులు, ఒక వంటిల్లు, రెండు నిమిషాల షాట్. అదే గదిలో ఫోన్‌తో రిహార్సల్ తీసి, పదిలో మూడు టేకులు చివరిదాకా నిలిస్తేనే యూనిట్‌ను పిలుద్దాం. అప్పుడూ ఖరీదేనా?

బూమ్‌రాడ్:
కాదు. కాకపోతే ఆ రిహార్సల్ రోజులకు వాళ్లిద్దరి బత్తా, భోజనం, రానుపోను ఛార్జీలు బడ్జెట్లో రాయండి. వాళ్లకు వేరే ఉద్యోగాలుంటే పోయే జీతం కూడా. చిన్న సినిమాల బడ్జెట్లలో ఎగరగొట్టేది ఈ పద్దే, నా గొడవంతా దానిమీదే.