త్యాగయ్య ఉండగా ఇంకా కొత్త కృతులు ఎవరి కోసం?

శ్రోత_రామం:
మొన్న ఒక కచేరీలో గాయని ‘ఇది నేను రాసుకున్న కృతి, హంసనాదం రాగంలో’ అని చెప్పి పాడారు. పాట బాగానే ఉంది. కానీ ఆ మాట వినగానే నా ముందు వరసలో ముగ్గురు లేచి బయటికి వెళ్లిపోయారు, పాట అయ్యాక వచ్చి కూర్చున్నారు. త్యాగరాజస్వామివే దాదాపు 700 కృతులు దొరుకుతున్నాయి. దీక్షితులు, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య, అన్నమయ్య సరేసరి. ఇంత ఉండగా ఇవాళ ఒకరు కూర్చుని కొత్త కృతి కట్టాలంటే, వాళ్ల చేత ఆ పని చేయించేది ఏమిటి? రాసేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు, వినేవాళ్లు ఎవరైనా చెప్పండి.

వాదిస్వరం:
సూటిగా చెప్తాను. చేయించేది పేరు మీద ఆశ. చరణంలో తన ముద్ర, అంటే పేరు గుర్తు, పడాలి, ఆహ్వానపత్రికలో పేరు కింద ‘వాగ్గేయకారులు’ అని అచ్చవ్వాలి. ఇంకేం కనపడదు నాకు.

నేను పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. ఒక కృతి పిల్లల గొంతులో కుదరాలంటే నెలలు పడుతుంది. సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, ఒక్కొక్కటీ పట్టించాలి, గమకం (స్వరానికిచ్చే ఊపు) జారితే మళ్లీ మొదటికి రావాలి. ఆ నెలలు కొత్త పాటకి పోతే ఒక పాత పాట ఆగిపోయినట్టే. శ్యామశాస్త్రి గారి ఆనందభైరవి రాగం ‘ఓ జగదంబా’కి మా గురువుగారి పాఠంలో కొన్ని సంగతులున్నాయి. ఆయన శిష్యుల్లో అవి ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే మిగిలాయి. ఎవరికి చెప్పను? వచ్చే ప్రతి పిల్లా పోటీకి పనికొచ్చే పాట చెప్పమంటుంది. ఉన్న సొత్తు చేతుల్లోంచి జారిపోతుంటే, కొత్తది పోగేద్దామంటారా?

మోహనప్రియ:
త్యాగయ్య గారి ‘బ్రోచేవారెవరురా’ ఒక్కటి విన్నాక ఇంకెవరైనా ఏం రాస్తారండీ. నా ఓటు వాదిస్వరం గారికే.

కొత్తచరణం:
మోహనప్రియ గారూ, ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులవారిది. ఆయన 1865లో పుట్టారు, 1961లో పోయారు. చరణంలో ‘వాసుదేవుడవు నీవు కదా’ అని ముద్ర స్పష్టంగా వినిపిస్తుంది. అంటే మీరు ఇన్నాళ్లూ ఇష్టపడి వింటున్నది త్యాగయ్య తర్వాతి తరాలవాళ్లు కట్టిన పాట. ‘త్యాగయ్య ఉండగా నీకెందుకయ్యా’ అని ఆ రోజుల్లో వాసుదేవాచార్యుల్ని ఎవరైనా ఆపేసి ఉంటే మీకు ఆ ఖమాస్ రాగం పాట ఉండేది కాదు.

వాదిస్వరం గారూ, ముద్ర మీద అంత కోపమెందుకు? ముద్ర లేని వాగ్గేయకారుడెవరు? ‘త్యాగరాజనుత’ అని స్వామే పెట్టుకున్నారు కదా.

వాదిస్వరం:
వాసుదేవాచార్యులు ఎవరి శిష్యులో కూడా చెప్పండి. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ శిష్యులు. పట్నం వారు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి శిష్యులు. ఆయన సాక్షాత్తూ త్యాగరాజస్వామి శిష్యులు. ఆ ధారలో మునిగి తేలి, ఆ పాటలన్నీ కంఠస్థం చేసుకుని, అప్పుడు రాశారు. ఇప్పుడు కృతులకి ముందు నేర్చే వర్ణాలు పూర్తికాకముందే కలం పడుతున్నారు. త్యాగయ్య ముద్రనీ వీళ్ల ముద్రనీ ఒక గాట కట్టకండి.

భజనగోష్ఠి:
త్యాగరాజస్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనలు, దివ్యనామ కీర్తనలు భజనలో పదిమందీ కలిసి పాడటానికే రాశారు. కచేరీ కోసం కాదు. ఈ సంగతి ఎవరూ ఎత్తడం లేదేం?

తాళపత్రం:
అసలు ‘కొత్త సంగీతం వద్దు’ అనేవాళ్లు రోజూ కొత్త సంగీతమే వింటున్నారు. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరాలు లేవు. ఆయన పాడిన బాణీలు దాదాపు అన్నీ పోయాయి. మనం అన్నమయ్య అనుకుంటూ వినేవి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు, ఇంకా కొందరు 20వ శతాబ్దంలో కట్టినవి. ‘నానాటి బతుకు’ రేవతి రాగంలో వింటే కళ్లు చెమరుస్తాయి కదా, ఆ బాణీ నేదునూరి వారిది. అంటే మన కాలపు సంగీత రచనే. దాన్ని 500 ఏళ్లనాటి పాట అనుకుని దణ్ణం పెడుతున్నాం. అదే మనిషి తన సాహిత్యం తానే రాసుకుని ఉంటే లేచి వెళ్లిపోయేవాళ్లం.

వాదిస్వరం:
బాణీ కట్టడం వేరు, కృతి రచన వేరు. నేదునూరి గారు తన్ను తాను వెనక్కి నెట్టుకుని అన్నమయ్యని ముందు నిలబెట్టారు. నేను అడిగేదీ ఆ వినయమే.

తాళపత్రం:
వేరు ఎలా అవుతుంది? పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలి, ఏ అక్షరం మీద నిలవాలి, ఏ మాట పైస్థాయికి వెళ్లాలి అన్నీ బాణీ కట్టినవారే నిర్ణయిస్తారు. మీరు చెవులతో వింటున్నది వారి రచననే.

వాదిస్వరం:
మాటల అర్థమే బాణీని నడిపిస్తుంది. మాట అన్నమయ్యది. కాబట్టి పాట అన్నమయ్యదే.

తాళపత్రం:
అలాగైతే ఒకే సంకీర్తనకి ఇద్దరు రెండు రాగాల్లో కట్టిన బాణీలు ఉన్నాయే, రెండూ ఒకే పాటంటారా? జవాబు చెప్పండి.

పియానో_మెట్లు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాది పాశ్చాత్య సంగీతం. జర్మన్ స్వరకర్త బాఖ్ 1723లో లైప్‌జిగ్‌లో చేరాక మొదటి కొన్నేళ్లు దాదాపు వారానికొక కాంటాటా (వాద్యాలతో పాడే భక్తి రచన) చొప్పున చర్చికి ఇచ్చాడు. ఆదివారం వస్తోంది, పాట కావాలి, అంతే. ఫ్రెంచి స్వరకర్త మెస్సియాన్ రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల ఖైదీల శిబిరంలో ఉండగా అక్కడ దొరికిన వాద్యకారుల్ని చూసుకుని క్లారినెట్, వయొలిన్, చెల్లో, పియానోలకి రాశాడు. 1941 జనవరిలో ఆ శిబిరంలోనే వాయించారు. ఎదురుగా ఎవరున్నారో చూసి రాయడం పెద్దవాళ్లందరూ చేసిన పనే.

వీణతీగ:
మన దగ్గర రేడియో ఆ పని చేసింది. విజయవాడ కేంద్రంలో భక్తిరంజని కోసం ఎన్ని పాటలకి కొత్తగా బాణీలు కట్టారో! తెల్లారితే ప్రసారం. బాలమురళీకృష్ణ గారు అక్కడ పనిచేసినవారే. రేడియోకి ఆ ఊపు తగ్గాక, ‘రేపటికి పాట కావాలి’ అని అడిగేవాళ్లూ తగ్గారు.

వాదిస్వరం:
బాలమురళి గారి పేరు వస్తుందని తెలుసు. పిన్న వయసులోనే 72 మేళకర్త (మూల) రాగాల్లోనూ కృతులు రాసిన మహానుభావుడు. నాలుగు స్వరాలతో మహతి, లవంగి రాగాలు చేశారు. ఆయన విద్వత్తుకి నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ ఆ 72 కృతుల్లో ఇవాళ ఎన్ని వేదిక మీద వినిపిస్తున్నాయి? అంతటివారి పాటలకే పాడేవాళ్లు కరువైతే మామూలు మనుషులవి ఎవరు పాడతారు? పాడనివి రాయడం దేనికి?

కొత్తచరణం:
పాడకపోవడం పాట తప్పా? కచేరీ పద్ధతి ఎలా ఉందో చూడండి. వర్ణం, నాలుగైదు కృతులు, ఒక ప్రధాన రాగం, తని ఆవర్తనం (మృదంగం వాళ్ల వంతు), చివర తుక్కడాలనే చిన్న పాటలు. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ 20వ శతాబ్దం మొదట్లో స్థిరపరిచిన వరస ఇది, త్యాగయ్యకి తెలియదు. అందులో ప్రతి చోటూ ముందే నిండిపోయి ఉంది. గాయకులకి టెన్షన్, సభవాళ్లకి టెన్షన్, తెలిసిన పాటైతే చప్పట్లు గ్యారంటీ.

నా అనుభవం చెప్తాను. నా దగ్గర నేర్చుకునే అమ్మాయి ఒక పోటీలో నేను కట్టిన కృతి పాడింది. శ్రుతి, లయ, రాగం దేనికీ వంక పెట్టలేదు. ‘సంప్రదాయ కృతి కాదు’ అని మార్కులు కోశారు. నిబంధనల్లో ఆ మాట ఎక్కడా లేదు. ఆ పిల్ల ఇంటికొచ్చి ‘ఇక మీ పాటలు పాడనండీ’ అంది. అప్పట్నుంచి పాడలేదు.

వాదిస్వరం:
ఆ నిర్ణేతలు సరిగ్గానే చేశారు. మీ పాట ప్రచారానికి పిల్లని పోటీకి పంపడం ఏం న్యాయం? ఆ స్థానంలో ఒక త్యాగరాజ కృతి చెప్పి పంపితే బహుమతితో వచ్చేది. నష్టపోయింది ఆ పిల్ల.

కొత్తచరణం:
మీరు హద్దు దాటారు. ఆ పిల్ల ఎవరో, ఎందుకు ఆ పాట పాడిందో తెలియకుండా ప్రచారం అంటారా? ఇన్ని పోస్టుల్లో ఒక్కసారైనా ‘నువ్వెందుకు రాశావు’ అని నన్ను అడిగారా? అడక్కుండానే పేరు కోసం అని తీర్పు చెప్పేశారు.

మోహనప్రియ:
దయచేసి ఇద్దరూ కాస్త నెమ్మది.

వాదిస్వరం:
సరే, అడుగుతున్నాను. ఎందుకు రాశారు?

కొత్తచరణం:
ఆ అమ్మాయికి జబ్బు చేసి గొంతు పైస్థాయి పోయింది. తారషడ్జం, అంటే పై ‘స’, దాటితే పలకదు. మనం రోజూ చెప్పే కృతుల్లో పల్లవి తర్వాత అనుపల్లవికి వచ్చేసరికి చాలావరకు పైషడ్జం అందుకుని ఇంకా పైకి వెళ్తాయి. ప్రతిసారీ అక్కడ ఆగి తల దించుకునేది. శ్రుతి తగ్గిస్తే కింద మంద్రం వినపడదు. అందుకని సహాన రాగంలో కట్టాను. సహానకి నడిమి స్థాయిలోనే కావలసినంత చోటుంది. పల్లవిని ‘పమగమరీ’ అని దింపి రిషభం మీద నిలబెట్టాను, ఆ పిల్ల గొంతు బాగా పలికేది అక్కడే కాబట్టి. అనుపల్లవి పై ‘స’కి ముందున్న నిషాదం దాకా వెళ్లి వెనక్కి వస్తుంది. మాటలు కూడా ఆమె ఊపిరికి సరిపడా చిన్నవి వేశాను. రెండో అక్షరం ప్రాస కోసం నాకు నచ్చిన మాటలు ఎన్నో వదులుకున్నాను. అందులో నా ముద్ర లేదు. మీరు మొదటి పోస్టులోనే ముద్ర గురించి అన్నారు కాబట్టి చెప్తున్నాను.

దీక్షితులవారు కడుపునొప్పితో బాధపడుతున్న శిష్యుడు తంబియప్పన్ కోసం అఠాణా రాగంలో గురుగ్రహం మీద ‘బృహస్పతే’ రాశారని పరంపరలో చెప్తారు కదా. ఆ కథ మీరూ మీ శిష్యులకి చెప్పే ఉంటారు. శిష్యుడి కోసం రాయడం అక్కడ కారుణ్యం, నేను చేస్తే ప్రచారమా?

వీణతీగ:
ఆ నొటేషన్ ఇక్కడ పెడతారా అమ్మా? వీణ మీద వాయించి చూస్తాను.

వాదిస్వరం:
ఇది మొదటే చెప్పి ఉంటే నేను ఇంకోలా మాట్లాడేవాణ్ణి. ఒక పిల్ల గొంతు కోసం పాట కట్టడాన్ని నేను కాదనను. గురువు చేయవలసిన పనే. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆ పాట మీకూ ఆమెకూ మధ్య ఉండవలసింది. దాన్ని పోటీకి, వేదిక మీదికి ఎందుకు తీసుకెళ్లారు? త్యాగరాజస్వామి సభలకి రాయలేదు. ఇంట్లో రాముడి ముందు పాడుకున్నారు, ఉంఛవృత్తిలో, అంటే వీధుల్లో భిక్షకి వెళ్తూ, పాడుకున్నారు. శిష్యులు విని రాసుకున్నారు. బయటికి తీసుకెళ్లాలన్న తొందర ఆయనకి లేదు.

తాళపత్రం:
శిష్యులు విని రాసుకుని ఊరుకోలేదు కదా. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు వాటిని తీసుకెళ్లి పాడారు, చెప్పారు. అలా పదిమందిలోకి వెళ్లబట్టే మనదాకా వచ్చాయి. పైగా త్యాగయ్యకు ముందు ఖరహరప్రియలో పేరున్న కృతి ఒక్కటి చూపించండి. ఆ శిష్యులు కూడా ‘ఈ రాగం ఎప్పుడూ వినలేదే’ అని వదిలేసి ఉంటే?

నా రెండు బాణీల ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

కొత్తచరణం:
వాదిస్వరం గారూ, ఆ పిల్ల పాడగలిగిన పాట అదొక్కటే, పాడాలని ఉన్నది పదిమంది ఎదుట. అందుకే పోటీకి వెళ్లింది. ‘ఇంట్లో పాడుకో’ అంటే ఆమెకి వేదిక లేదని చెప్పడమే. అసలు మీకూ నాకూ తేడా అక్కడ ఉంది. మీ లెక్కలో గొంతు పాటకి సరిపోవాలి, సరిపోనివాళ్లు తప్పుకోవాలి. నా లెక్కలో మనిషికి సరిపడే పాట లేకపోతే కట్టాలి. ముద్ర గురించీ, మేళకర్తల గురించీ ఇంతసేపు పోట్లాడాం కానీ గొడవ వాటి గురించి కాదు.

వాదిస్వరం:
అవును, గొంతు పాటకి సరిపోవాలనే నేను అంటాను. అలా సరిపడటం కోసం పడే కష్టాన్నే మా గురువుగారు విద్య అన్నారు. పాటే మనకి తగ్గట్టు వంగితే విద్యార్థి ఎదగడు. మీ అమ్మాయి సంగతి వేరు, జబ్బు వల్ల వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని అందరూ తమ తమ గొంతులకి పాటలు కుట్టించుకుంటే ‘ఓ జగదంబా’ ఎవరు నేర్చుకుంటారు? నా దగ్గరున్న ఆ సంగతులు ఏమైపోవాలి?

కొత్తచరణం:
నేను నేర్చుకుంటాను. వారానికి ఒక రోజు ఆన్‌లైన్‌లో చెప్పండి. మా పిల్లల్లో పైస్థాయి పలికేవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లనీ కూర్చోబెడతాను. కానీ కొత్తవి కట్టడం మాత్రం ఆపను.

వాదిస్వరం:
ఆపమని ఇకమీదట అనను, వేదిక సంగతి మాత్రం ఒప్పుకోను. తెల్లవారుజామున ఐదున్నరకి వీలవుతుందా? ఆనందభైరవికి ఆ వేళ గొంతు బాగుంటుంది. ముందు వర్ణం పాడించి చూస్తాను, తర్వాతే కృతి.

తాళపత్రం:
రెండు బాణీల ప్రశ్న.