అమ్మానాన్నలు తొమ్మిది గంటలు ఆలస్యంగా చేరారు: గల్ఫ్ విమాన సంస్థకు ఐరోపా చట్టం వర్తిస్తుందా?

ఎల్బే గట్టు:

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలు మూడు నెలలు హాంబుర్గ్‌లో నా దగ్గర ఉండి, 2024 నవంబరులో హైదరాబాద్ తిరిగి వెళ్లారు. టికెట్ ఒక గల్ఫ్ దేశపు విమాన సంస్థది. హాంబుర్గ్ నుంచి గల్ఫ్‌కు ఒక విమానం, అక్కడి నుంచి శంషాబాద్‌కు మరొకటి. రెండూ ఒకే బుకింగ్.

హాంబుర్గ్‌లో అందరినీ ఎక్కించి కూర్చోబెట్టాక, సాంకేతిక లోపం ఉందని గంటా ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. గల్ఫ్‌లో దిగేసరికి రెండో విమానం వెళ్లిపోయింది. రాత్రంతా కుర్చీల్లోనే. హోటల్ అడిగితే ఖాళీలు లేవన్నారు. అమ్మ బీపీ మాత్రలు సామాన్లలో వేసిన పెట్టెలో ఉండిపోయాయి. చెరో భోజనం కూపన్ ఇచ్చారు. అది పట్టుకుని వెళితే చికెన్ శాండ్‌విచ్ చేతిలో పెట్టారట. మావాళ్లు గుడ్డు కూడా ముట్టరు. దారికని నేను కట్టిచ్చిన పులిహోరతో ఆ రాత్రి గడిచింది. శంషాబాద్ చేరేసరికి తొమ్మిది గంటల పది నిమిషాల ఆలస్యం.

సంస్థకు రాస్తే ఇలా జవాబిచ్చారు: ఆలస్యం ప్రయాణికుల భద్రత కోసమే జరిగింది, రెండో విమానం తప్పింది ఐరోపా బయట, పైగా మాది ఐరోపా సంస్థ కాదు, అయినా సద్భావనతో చెరో 75 యూరోల వోచర్ ఇస్తున్నాం, రెండు వారాల్లోగా ఈ లింకు నొక్కి అంగీకరించండి. నాన్నగారేమో "పోనీలే తల్లీ, క్షేమంగా చేరాం కదా" అంటున్నారు. వోచర్ తీసుకోమంటారా?

సగం నిద్ర:

తీసుకోండి. గల్ఫ్ సంస్థలకు ఆ చట్టం వర్తించదు. నేను గత ఏడాది హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్ వస్తూ పదకొండు గంటలు ఇరుక్కున్నాను. ఎంత మొత్తుకున్నా ఒక్క యూరో కూడా రాలేదు.

పెట్టె సర్దినవాడు:

ఆ లింకు నొక్కకండి. ముందు ఆ ఒక్క పని చేయకుండా ఉంటే, మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

సగం నిద్ర గారు చెప్పింది వారి ప్రయాణం వరకు నిజమే. మీ అమ్మానాన్నల విషయంలో కాదు. తేడా అంతా ప్రయాణం ఎక్కడ మొదలైందన్న దాంట్లో ఉంది. 261/2004 అనే ఐరోపా నిబంధన 2005 ఫిబ్రవరి 17 నుంచి అమల్లో ఉంది. ఐరోపా సమాఖ్యలోని విమానాశ్రయం నుంచి బయలుదేరితే ఏ దేశపు సంస్థ అయినా దానికి లోబడాల్సిందే. బయటి నుంచి ఐరోపాకు వచ్చేటప్పుడు మాత్రం, నడిపేది ఐరోపా సంస్థ అయితేనే వర్తిస్తుంది. అంటే అదే గల్ఫ్ సంస్థలో హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు హక్కు లేదు, హాంబుర్గ్ నుంచి వెళ్లేటప్పుడు ఉంది. ఒకే సంస్థ రానుపోను టికెట్‌లో సగానికి చట్టం ఉండి, సగానికి లేకపోవడం వింతగానే ఉంటుంది. మనవాళ్లలో చాలామంది ఇక్కడే తికమకపడి, ఒకసారి కాదనిపించుకున్నాక మళ్లీ అడగడమే మానేస్తారు.

ఇక "రెండో విమానం తప్పింది ఐరోపా బయట" అన్న మాట. దీన్ని లగ్జెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం 2018 మే 31నే తేల్చేసింది. బెర్లిన్ నుంచి కాసాబ్లాంకా మీదుగా అగాదిర్ వెళుతున్న ఒక ప్రయాణికురాలికి కాసాబ్లాంకాలో "మీ సీటు వేరేవారికి ఇచ్చేశాం" అన్నారు. ఆమె నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది. ఆ రెండో విమానం పూర్తిగా మొరాకో లోపలిది, నడిపింది మొరాకో సంస్థ. అయినా ఒకే బుకింగ్ మీద కొన్న ప్రయాణమంతా ఒకటే అని న్యాయస్థానం చెప్పింది. మధ్యలో విమానం మారినా లెక్క మారదు. మీ కేసులో ఆలస్యానికి మూలం హాంబుర్గ్‌లోనే ఉంది కాబట్టి మీది ఇంకా గట్టి కేసు.

"భద్రత కోసం" అన్నది చూసి నాకు నవ్వొచ్చింది. చెడిన విమానాన్ని ఎగరనివ్వకపోవడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ చెడకుండా చూసుకోవాల్సింది ఎవరు? 2005 జూన్‌లో వియన్నా నుంచి రోమ్ మీదుగా బ్రిండిసి వెళ్లాల్సిన ఒక కుటుంబానికి, బయలుదేరడానికి ఐదు నిమిషాల ముందు విమానం రద్దయిందని చెప్పారు. ఇంజన్ టర్బైన్‌లో లోపం. సంస్థ అది 'అసాధారణ పరిస్థితి' అంది. 2008 డిసెంబరులో న్యాయస్థానం ఒప్పుకోలేదు: విమానాలు నడిపేవారికి మరమ్మతులు రోజువారీ పనిలో భాగమే, సాంకేతిక లోపం అన్నంత మాత్రాన బాధ్యత తప్పదు. తయారీలోనే దాగి ఉన్న లోపం బయటపడి తయారీదారే ప్రకటించడం, విధ్వంసక చర్య వంటివి వేరు. పక్షి ఢీకొనడం, వాతావరణం, గగనతల నియంత్రణ సిబ్బంది సమ్మె కూడా సంస్థ చేతిలో లేనివే. సొంత పైలట్ల సమ్మె మాత్రం అలా కాదని 2021లో తీర్పు వచ్చింది.

ఎంత వస్తుంది అంటే: 1,500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు, 3,500 దాటితే 600, మధ్యలో 400. బయలుదేరిన ఊరి నుంచి చివరి గమ్యం దాకా నేరుగా గీత గీసి కొలుస్తారు. హాంబుర్గ్ నుంచి హైదరాబాద్ 3,500కు ఎంతో ఎక్కువ. గమ్యం చేరడంలో ఆలస్యం మూడు గంటలకు తగ్గకూడదు. దూర ప్రయాణాల్లో ఆలస్యం మూడు, నాలుగు గంటల మధ్య ఉంటే సగానికి కోయవచ్చు. మీది తొమ్మిది గంటలు దాటింది. చెరో 600, మొత్తం 1,200 యూరోలు. వాళ్లిస్తానన్నది 150.

చట్టం ప్రకారం ఈ డబ్బు నగదుగానో చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వాలి. వోచర్ ఇవ్వాలంటే ప్రయాణికుడు సంతకం చేసి ఒప్పుకోవాలి. రెండు వారాల గడువు పెట్టి లింకు నొక్కమనడం దేనికో మీకే అర్థమవుతుంది.

ఉప్పల్ నుంచి:

మధ్యలో దూరుతున్నందుకు మన్నించండి. ఆలస్యం ఏ క్షణం వరకు లెక్క? నేల మీద వాలిన సమయమా? మాకు ఒకసారి రెండు గంటల యాభై తొమ్మిది నిమిషాలని చెప్పి పంపేశారు.

పెట్టె సర్దినవాడు:

తలుపు తెరిచిన క్షణం. సాల్జ్‌బర్గ్ నుంచి కొలోన్ వచ్చిన ఒక విమానం రెండు గంటల యాభై ఎనిమిది నిమిషాల ఆలస్యంతో వాలింది. నిలిచే చోటుకు చేరేసరికి మూడు గంటల మూడు నిమిషాలు, ఆ తరవాత తలుపులు తెరిచారు. 2014లో న్యాయస్థానం కనీసం ఒక తలుపు తెరిచి, ప్రయాణికులు దిగడానికి వీలైన సమయమే చేరిన సమయం అంది. అందుకే నేను తలుపు తెరవగానే ఫోనులో ఒక ఫొటో తీసుకుంటాను. పక్కవాళ్లు వింతగా చూస్తారు, చూడనీయండి.

ఎల్బే గట్టు:

వోచర్ లింకు నొక్కలేదు, నాన్నగారికి కూడా చెప్పి ఆపాను. ఇప్పుడు ఎవరికి, ఏం రాయాలి? టికెట్ నేను ఒక ట్రావెల్ ఏజెంటు దగ్గర నా కార్డుతో కొన్నాను. అమ్మానాన్నలు రాజమండ్రిలో ఉన్నారు. ఇంకా సమయం ఉందా?

పెట్టె సర్దినవాడు:

సమయం బోలెడు ఉంది. జర్మనీ చట్టం ప్రకారం ప్రయాణించిన సంవత్సరం ముగిసినప్పటి నుంచి మూడేళ్లు. మీకు 2027 డిసెంబరు 31 దాకా గడువు. అలాగని నానబెట్టకండి, కాగితాలు ఊరికే పోతాయి.

రాయాల్సింది ఏజెంటుకు కాదు, విమానం నిజంగా నడిపిన సంస్థకు. డబ్బు ఎవరు కట్టారన్నది ముఖ్యం కాదు, పరిహారం ప్రయాణికుడిది. కాబట్టి అమ్మ పేరున ఒకటి, నాన్నగారి పేరున ఒకటి అడగాలి. "మా తరఫున మా అమ్మాయి మాట్లాడుతుంది, డబ్బు ఆమె ఖాతాలో వేయండి" అని ఇద్దరితో చెరో కాగితం మీద సంతకం చేయించి, ఫొటో తీసి పంపమనండి. పాస్‌పోర్టులో సంతకం ఎలా ఉందో అలాగే చేయమనండి. మా మామగారు పాస్‌పోర్టులో తెలుగులో సంతకం పెట్టి, కాగితం మీద ఇంగ్లీషులో పెట్టారు. నెలన్నర ఆ ఒక్క దానికే పోయింది.

ఉత్తరం పొడవుగా వద్దు. పులిహోర సంగతి, చికెన్ సంగతి నాకు చెప్పండి, వాళ్లకు అక్కర్లేదు. బుకింగ్ నంబరు, రెండు విమానాల నంబర్లు, తేదీ, చేరాల్సిన సమయం, చేరిన సమయం. తరవాత: "ప్రయాణం హాంబుర్గ్‌లో మొదలైంది, ఒకే బుకింగ్, కాబట్టి 261/2004 నిబంధన 7వ అధికరణం ప్రకారం ఒక్కొక్కరికి 600 యూరోలు చెల్లించండి. వోచర్ అంగీకరించడం లేదు." ఖాతా వివరాలు, మూడు వారాల గడువు. అంతే. సాంకేతిక లోపం అసాధారణమైనదని వాళ్లు వాదిస్తే, నిరూపించాల్సిన భారం కూడా వాళ్లదే.

ఇంకొకటి. పరిహారం వేరు, చూసుకోవాల్సిన బాధ్యత వేరు. రాత్రి నిలిపేస్తే హోటల్, అక్కడికి తీసుకెళ్లే వాహనం, తిండి, రెండు ఫోను కాల్స్ సంస్థే ఇవ్వాలి. వాతావరణమో అగ్నిపర్వతమో అడ్డుపడి పరిహారం ఎగ్గొట్టగలిగినా ఈ బాధ్యత తప్పదు. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదతో ఐరోపా ఆకాశం మూతపడినప్పటి కేసులో 2013లో ఇదే చెప్పారు. అమ్మానాన్నలు ఆ రాత్రి మందులకో తిండికో సొంత డబ్బు పెట్టి ఉంటే, రసీదులు జతచేసి అదీ అడగండి.

సగం నిద్ర:

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక అనుమానం. టికెట్ ఐరోపా సంస్థ దగ్గర కొని, రెండో విమానం గల్ఫ్ సంస్థ నడిపితే ఎవరిని పట్టుకోవాలి? ఇంకా, చంకబిడ్డలకు కూడా ఇస్తారా?

పెట్టె సర్దినవాడు:

ప్రాగ్ నుంచి అబుదాబి మీదుగా బ్యాంకాక్ కేసు చూడండి, 2019 నాటిది. మొదటి విమానం చెక్ సంస్థది, సమయానికే చేరింది. ఆలస్యమైంది అబుదాబి సంస్థ నడిపిన రెండోది. ఒకే బుకింగ్ కాబట్టి చెక్ సంస్థే చెల్లించాలన్నారు. పిల్లల విషయంలో, పూర్తిగా ఉచితంగా ప్రయాణించినవారికి ఈ చట్టం వర్తించదు. బిడ్డ పేరున ఛార్జీ కట్టి ఉంటే మాత్రం అడగండి.

మీ ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయాణానికి ఐరోపా చట్టం లేకపోయినా మాంట్రియల్ ఒప్పందం ఉంది, భారతదేశం 2009 నుంచి అందులో ఉంది. అది నిర్ణీత మొత్తం ఇవ్వదు. ఆలస్యం వల్ల నిజంగా అయిన ఖర్చును రుజువులతో అడగాలి. రెండేళ్లలోగా దావా వేయాలి.

థేమ్స్ తీరం:

లండన్‌లో ఉన్నవాళ్ల కోసం: బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుంచి బయటికి వచ్చినా ఇదే చట్టాన్ని తన పేరున ఉంచుకుంది. మొత్తాలు 220, 350, 520 పౌండ్లు. ఇంగ్లండ్‌లో ఆరేళ్ల దాకా అడగవచ్చు.

ఉప్పల్ నుంచి:

రైలు ఆలస్యమై విమానం తప్పితే?

పెట్టె సర్దినవాడు:

రెండూ విడివిడిగా కొని ఉంటే విమాన సంస్థకు సంబంధం లేదు. ఐరోపాలో రైలువాళ్లు ఆలస్యం గంట దాటితే టికెట్ ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం ఇస్తారు. 2023 జూన్ 7 నుంచి వచ్చిన కొత్త నిబంధనలో తుఫాను, వరద వంటివాటికి మినహాయింపు పెట్టారు కానీ, రైల్వే సిబ్బంది సమ్మెకు ఆ సాకు చెల్లదు. మూడు నెలల్లోగా అడగాలి. విమానం టికెట్ డబ్బు మాత్రం దీనిలో రాదు.

ఎల్బే గట్టు:

ఉత్తరం పంపాను. బోర్డింగ్ పాస్‌లు పోయాయనుకున్నాం. నాన్నగారు వాటిని జేబు పంచాంగంలో, సరిగ్గా ప్రయాణం రోజు పేజీలో పెట్టి ఉంచారు. ఆ రోజు వర్జ్యం ఎప్పుడో కూడా పెన్సిలుతో గీత గీసి ఉంది! ఒకవేళ సంస్థ మళ్లీ కాదంటే? మూడో వంతు దాకా కమీషన్ తీసుకుని వసూలు చేసే కంపెనీలు ఉన్నాయని విన్నాను.

పెట్టె సర్దినవాడు:

ఉన్నాయి. మీ కేసు ఇంత స్పష్టంగా ఉండగా 1,200లో 400 వాళ్లకెందుకు? రెండు నెలలు చూడండి. జవాబు రాకపోయినా, కాదన్నా జర్మనీలో మధ్యవర్తిత్వ సంస్థకు వెళ్లవచ్చు. ప్రయాణికుడికి ఖర్చు లేదు, 5,000 యూరోల లోపు వివాదాలు తీసుకుంటారు. ఆ సంస్థలో సభ్యత్వం లేని విమాన సంస్థల మీద ఫిర్యాదులను బాన్ నగరంలోని సమాఖ్య న్యాయ కార్యాలయం చూస్తుంది. బ్రౌన్‌ష్వైగ్‌లోని పౌర విమానయాన కార్యాలయానికి కూడా రాయవచ్చు కానీ, అది సంస్థల మీద చర్య తీసుకుంటుందే తప్ప మీ డబ్బు వసూలు చేసి పెట్టదు. చాలామంది అక్కడ రాసి, డబ్బు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఇప్పుడున్న మూడు గంటల బదులు, దూరాన్ని బట్టి ఆలస్యం నాలుగు లేదా ఆరు గంటలు ఉంటేనే పరిహారం అని మార్చాలని 2025 జూన్‌లో ఐరోపా సమాఖ్య సభ్యదేశాల మంత్రులు ఒక అంగీకారానికి వచ్చారు. ఐరోపా పార్లమెంటు కూడా ఒప్పుకుంటేనే అది చట్టం. ఎవరైనా ఆ మాట చెప్పి మిమ్మల్ని తిప్పి పంపితే పట్టించుకోకండి. మీ ప్రయాణం 2024లో జరిగింది.

ఎల్బే గట్టు:

ఐదు వారాల తరవాత జవాబు వచ్చింది. ఈసారి భద్రత ఊసు లేదు, ఐరోపా బయట అన్న మాటా లేదు. నాన్నగారికి 600 ఇస్తారట. అమ్మ టికెట్‌లో ఇంటిపేరు, సంతకం కాగితం మీద ఇంటిపేరు ఒకేలా లేవట. టికెట్‌లో పాస్‌పోర్టు ప్రకారం పుట్టింటి పేరుంది, అమ్మ అలవాటుకొద్దీ మా ఇంటిపేరుతో సంతకం చేసింది.

పెట్టె సర్దినవాడు:

చెప్పాను కదా, సంతకం దగ్గరే పట్టుకుంటారు. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ రెండూ పంపండి. భారత పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు ఉంటుంది. ఆ పేరును నాన్నగారి టికెట్‌తో సరిచూసుకోమని ఒక్క వాక్యం రాయండి. పుట్టింటి పేరుతో కొత్త కాగితం మీద సంతకం చేయించి జతచేయండి. నాన్నగారి 600 ఇప్పుడే తీసుకోండి, కానీ "ఇంతటితో మా ఇద్దరి క్లెయిము పూర్తయింది" అన్న వాక్యం ఉన్న దేని మీదా సంతకం చేయకండి.