పాత స్పోర్ట్స్ కారు వేడెక్కాక మిస్‌ఫైర్ అవుతోంది, ముందు ఏటి చూడాలి?
నమస్తే అండి, మాది విజయనగరం. నాన్న వాడిన పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, నాలుగు సిలిండర్లు, కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్‌కి వరసగా కరెంటు పంచేది) ఉన్న ఇంజన్. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు చక్కగా ఉంటాది, గజపతినగరం దాటాక మొదలవుద్ది, సాలూరు ఘాట్ ఎక్కినప్పుడైతే మరీను, మూడో గేర్లో తడబడి సైలెన్సర్లోంచి టప్ టప్‌మని కొడతాది, అరగంట ఆపితే మళ్ళీ మామూలే. స్పార్క్ ప్లగ్‌లు కొత్తవి, గ్యాప్ 0.8 మిల్లీమీటర్లు పెట్టాం. వేడి మీద ఒక్కో ప్లగ్ వైరు పీకి చూస్తే మూడోది తీసినా ఇంజన్ సౌండ్ ఏం మారలేదు, ఆ ప్లగ్ విప్పితే తడి, పెట్రోల్ వాసన. కాయిల్ (నాలుగు ప్లగ్‌లకీ స్పార్క్ కరెంటు ఇచ్చేది) పోతే నాలుగూ తడబడాలి కదా, అందుకే డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లో పగులో, ఆ ఒక్క వైరో అని నా అనుమానం. మెకానిక్ హెడ్ (ఇంజన్ పై భాగం) దింపేద్దాం అంటున్నాడు, నాకు మనసొప్పట్లేదు. ముందు వైర్లు మార్చి చూడాలా, కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చెక్ చేయించాలా? ఇలాంటిది పడ్డవాళ్ళుంటే కాస్త చెప్పండి, ప్లీజ్.