విమానం వైరింగ్‌లో అసలు ఏం చూడాలి?

ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజినీరింగ్) కోర్సు అయిపోయి హ్యాంగర్‌లో, అంటే విమానాలు రిపేరు చేసే షెడ్డులో, ట్రైనీగా చేరా. ప్యానెల్ తీస్తే వైర్ల గుత్తులు, సార్ టార్చ్ చేతికిచ్చి చూడు అంటారు, ఏం చూడాలో చెప్పరు. వైర్ల వల్ల మంటలొస్తాయంటారు, అయినా తేడా వస్తే కరెంటు ఆపేసే బ్రేకర్ ఉంటుంది కదా, మంట ఎలా వస్తుంది?

— బ్రేకర్‌ని అంత నమ్మకు తమ్ముడూ. వైరు తొక్క అరిగి మెటల్‌కి తగిలితే చిటుక్కుమని స్పార్క్ వచ్చి పోతుంది, బ్రేకర్ పడేంత సేపు కరెంటు ఉండదు, వేడి మాత్రం వేల డిగ్రీలు. 1998లో స్విస్‌ఎయిర్ 111 విమానంలో కాక్‌పిట్ సీలింగ్ పైన ఇలాగే ఆర్కింగ్ (వైర్ల దగ్గర స్పార్క్) అయ్యి ఇన్సులేషన్ దుప్పటి పైపొర అంటుకుంది, కెనడా తీరం దగ్గర సముద్రంలో కూలి 229 మంది పోయారు.

— ముందు వైర్లని పట్టి ఉంచే క్లాంపులు చూడు, రబ్బరు జారిపోయి వైరు అంచుకి ఒరుసుకుంటోందా అని. గ్యాలీ (విమానంలో వంటగది), టాయిలెట్ కింద తడి ఉందా చూడు. ఎవరో డ్రిల్ వేసి వదిలేసిన అల్యూమినియం రజను అయితే మరీ డేంజర్, మెల్లగా తొక్కలోకి దిగుతుంది. దుమ్ము, నూగు కూడా నిప్పుకి మేతే. పాత వైర్లని లాగి వంచకు, పగులుతాయి, అద్దం పెట్టి వెనక చూడు.

— థాంక్స్ అన్నా. నిన్న పడిన బ్రేకర్ మళ్ళీ నొక్కబోతే సార్ చెయ్యి లాగేశారు, ఇందుకేనా?

— అందుకే. కారణం దొరికేదాకా ముట్టుకోకు.